ఒహాయోలో ఒక చిన్న ఊరి బడి, మా పాప చదువు, ఆరు నెలల కాగితాలు

2023 సెప్టెంబరు 26, మంగళవారం సాయంత్రం, మా పాప బడిసంచిలో సగం కొరికిన ఆపిల్ కింద నలిగిపోయిన కాగితం ఒకటి దొరికింది. రెండో తరగతి పిల్లలందరికీ ఆ నెలలో పెట్టిన స్క్రీనింగ్ పరీక్షలో మా పాప ‘డిస్లెక్సియా’ (తెలివి ఉన్నా చదవడం పట్టుబడని ఇబ్బంది) ముప్పు ఉన్నవారి జాబితాలో తేలిందనీ, ఆరు వారాలు గమనించి మళ్ళీ తెలియజేస్తామనీ అందులో ఉంది. ఏడాది మొదట్లో నిమిషానికి 52 మాటలు తప్పు లేకుండా చదవాల్సి ఉండగా తను 21 చదివింది. ఆ కాగితం అందిన రోజు నుంచి ఐఈపీ, అంటే ఆ ఒక్క పిల్ల కోసమే బడి రాసి ఒప్పుకునే బోధన ప్రణాళిక, చేతికి రావడానికి 2024 ఏప్రిల్ 4 దాకా పట్టింది. ఆ మధ్య కాలంలో ఏ రోజు ఏం జరిగిందో, ఎక్కడ మేము పొరబడ్డామో రాసిపెడుతున్నాను. ఇలాంటి ఉత్తరం అందుకున్న రాత్రి నేను తెలుగులో ఎంత వెదికినా సొంతంగా పడ్డవాళ్ళు రాసినది ఒక్కటీ కనబడలేదు.

మేము 2022 జులైలో కొలంబస్ పక్కనున్న డబ్లిన్ నుంచి వాయవ్య ఒహాయోలోని ఈ ఊరికి వచ్చాము. మా ఆయన పనిచేసే కార్ల విడిభాగాల కర్మాగారం ఇక్కడ ఉంది. డబ్లిన్‌లో వీధికి నాలుగు తెలుగు ఇళ్ళు ఉండేవి. ఇక్కడ ఊరు మొత్తానికి మాది ఒక్కటే. ఊరి బళ్ళను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ అంతా కలిపి కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి వరకు 850 మంది పిల్లలు, రెండు భవనాలు. రెండో తరగతిలో 58 మంది. పొద్దున బస్సుల దగ్గర నిలబడి పిల్లలను దింపించేది ప్రిన్సిపాలే, మధ్యాహ్నం భోజనాల గదిలో పాల డబ్బాల మూతలు తీసిపెట్టేదీ ఆయనే. సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఇంగ్లీషు రాని పిల్లలకు నేర్పే టీచరు, ఈ ముగ్గురూ డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కారు. కౌంటీలోని ఎడ్యుకేషనల్ సర్వీస్ సెంటర్ నుంచి వారానికి రెండేసి రోజులు వచ్చి, మిగిలిన రోజులు పక్క ఊళ్ళ బళ్ళకు వెళతారు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మా ఎదురుచూపుల్లో సగం కోపం తగ్గి ఉండేది.

నిజం చెప్పాలంటే ఆ కాగితం చూసి నేను ఆశ్చర్యపోలేదు, సిగ్గుపడ్డాను. ఏడాదిగా పాప చదవమంటే కడుపునొప్పి అనేది, పుస్తకం తెరిస్తే నీళ్ళు కావాలనేది, నేను దాన్ని బద్ధకం అనుకొని కసురుకునేదాన్ని. రాత్రిపూట చదివే బొమ్మల పుస్తకాలను గడగడా అప్పజెప్పేది కదా అని సరిపెట్టుకున్నాను. ఒకరోజు పేజీ తిప్పకుండానే తర్వాతి పేజీలోని వాక్యం చెప్పేసినప్పుడు గానీ అది చదవడం కాదని, బట్టీ అని నాకు తట్టలేదు.

అక్టోబరు 19న తల్లిదండ్రుల సమావేశం. మనిషికి 15 నిమిషాలు. టీచరు చాలా మంచావిడ, పాప అంటే ఆవిడకు ముద్దు. అందుకే ఆవిడ చెప్పిన మాటను మేము వెంటనే నమ్మాము. “ఇంట్లో రెండు భాషలు వినడం వల్ల ఆలస్యం అవుతూ ఉండవచ్చు. కొన్నాళ్ళు ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడి చూడండి” అన్నారు. పాప కిండర్‌గార్టెన్‌లో చేరినప్పుడు, 2021లో, డబ్లిన్ బడిలో నింపిన ఒక ఫారం దీనికంతటికీ మూలం. ‘ఇంట్లో ఏ భాష మాట్లాడతారు’ అన్న ప్రశ్నకు మా ఆయన ‘తెలుగు’ అని రాశారు. దాంతో పాపకు ఒక పరీక్ష పెట్టి ‘ఇంగ్లీష్ లెర్నర్’ అని ముద్ర వేశారు. ఒహాయోలోనే పుట్టిన పిల్ల, ఆ ముద్రతోనే ఈ బడికి వచ్చింది. ఇక్కడ ఇంగ్లీషు రాని పిల్లలకు నేర్పే టీచరు మంగళ, గురువారాలు వచ్చి, ఎక్కువగా స్పానిష్ మాట్లాడే పిల్లలున్న చిన్న జట్టులో మా పాపను కూర్చోబెట్టి, రంగులూ కూరగాయలూ వాతావరణమూ ఇంగ్లీషులో చెప్పించేవారు. అవన్నీ పాపకు నాకన్నా బాగా వచ్చు. తర్వాత మాకు తెలిసింది ఏమిటంటే, ఆ అరగంట సరిగ్గా తరగతిలో అక్షరాల ధ్వనులు నేర్పే సమయం. అంటే చదవడం రాని పిల్లను, చదవడం నేర్పే వేళకు, వారానికి రెండుసార్లు బయటికి తీసుకుపోయారు. ఎవరూ కావాలని చేసినది కాదు; ఆ టీచరు ఈ ఊళ్ళో ఉండే గంటలు అవే.

ఆ సమావేశంలో నేను “పాపకు పూర్తి పరీక్షలు చేయించండి” అని అడిగాను, టీచరు “తప్పకుండా మాట్లాడతాను” అన్నారు. పని మొదలైందనుకొని ఇంటికి వచ్చాము. ఇది మేము చేసిన మొదటి పెద్ద పొరపాటు.

తెలుగు మానేసిన ఆ మూడు వారాలు మా ఇంట్లో ఎవరమూ సరిగ్గా మాట్లాడుకోలేదు. అన్నం కలిపి పెడుతూ ఇంగ్లీషులో ఏమనాలో నాకు తోచేది కాదు. నోరు మూసుకొని ముద్దలు పెట్టేదాన్ని. పాప కూడా పరాయింటికి వచ్చిన పిల్లలా పొడి మాటలు మాట్లాడేది. ప్రొద్దుటూరు నుంచి అమ్మ వీడియోకాల్ చేస్తే పాపకు ఫోన్ ఇవ్వకుండా ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. నవంబరు 12, దీపావళి రోజు, ఇక తప్పించుకోలేక సంగతి చెప్పాను. “ఏందే, నా మనవరాలితో నేను మాట్లాడకూడదా?” అని అమ్మ ఒక్క నిమిషం ఊరుకుంది. అమ్మ కడప జిల్లాలో జిల్లా పరిషత్ బళ్ళలో 31 ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. ఆ రోజు టపాకాయల చప్పుడు మధ్యలో పాపను పిలిచి, “పలక అనమ్మా” అంది. పాప అంది. “ఇప్పుడు మొదటి ‘ప’ తీసేసి చెప్పు, ఏం మిగులుతుంది?” పాప చాలాసేపు ఆలోచించి “కప” అంది. “కమల” అనిచ్చి ‘క’ తీసేయమంటే “కల” అంది. పాప ‘పుస్తకం’ను ‘పుత్సకం’ అనడం మాకు ముద్దుగా ఉండేది, ఏడేళ్ళు వచ్చినా అలాగే అనేది. అమ్మ అది కూడా గుర్తు చేసింది. “ఇది ఇంగ్లీషు గొడవ కాదే. రెండు భాషల్లోనూ పిల్ల ఒకే చోట తడబడుతోంది. మాటలో ఏ చప్పుడు ముందు, ఏ చప్పుడు వెనక అన్నది దానికి పట్టుబడటం లేదు. నువ్వు తెలుగు మాన్పిస్తే ఉన్న ఒక్క ఆసరా పోతుంది” అంది. ఆ రాత్రి నుంచి ఇంట్లో తెలుగు మళ్ళీ మొదలైంది.

ఆ మధ్యలోనే ఊళ్ళో ఇంకొకటి జరిగింది. నవంబరు 7 ఎన్నికల్లో బడికి అదనపు ఆస్తిపన్ను కోసం డిస్ట్రిక్ట్ పెట్టిన లెవీ ఓడిపోయింది. ఒహాయోలో ఇళ్ళ ధరలు పెరిగినా, ఓటర్లు ఆమోదించిన చాలా లెవీల మీద బడికి వచ్చే పన్ను ఆ మేరకు పెరగకుండా 1976 నాటి చట్టం ఒకటి కట్టివేస్తుంది. అందుకే డిస్ట్రిక్టులు కొన్నేళ్ళకొకసారి ఓటర్ల ముందు చెయ్యి చాచక తప్పదు. మేము ఏడాదికి 3,400 డాలర్ల ఆస్తిపన్ను కడుతున్నాము గానీ హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళం కాబట్టి ఓటు లేదు. లెవీ ఓడిన రెండు వారాలకు, జనవరి నుంచి చదువులో వెనకబడిన పిల్లలతో కూర్చునే ఇద్దరు సహాయకులను కొనసాగించలేమని బోర్డు చెప్పింది. వాళ్ళలో ఒకరు మా పాపతో రోజూ 20 నిమిషాలు కూర్చునే ఆవిడ. ఆరు వారాల గమనింపు ఫలితం కూడా అప్పుడే వచ్చింది: 21 నుంచి 24.

నవంబరు 27న బడి ఆఫీసుకు ఫోన్ చేసి పరీక్షలు ఎప్పుడు మొదలవుతాయని అడిగాను. గుమాస్తా ఫైలు చూసి, అలాంటి అభ్యర్థన ఏదీ నమోదు కాలేదని చాలా మర్యాదగా చెప్పారు. టీచరు ప్రిన్సిపాల్‌తో మాట్లాడిన మాట నిజమే. కానీ మాటకు తేదీ ఉండదు. నేను వంటింట్లో కూర్చొని ఏడ్చిన రోజు అది ఒక్కటే. పోయిన 39 రోజుల కన్నా, పని జరుగుతోందని నమ్మి హాయిగా నిద్రపోయాను కదా అని ఎక్కువ ఏడుపు వచ్చింది.

మర్నాడు మారియన్‌లో ఉన్న ఓసీఈసీడీ అనే సంస్థకు ఫోన్ చేశాను. ఒహాయోలో ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకు ఉచితంగా దారి చెప్పే కేంద్రం అది. ఫోన్ ఎత్తినావిడ తన కొడుకు సంగతి రెండు ముక్కలు చెప్పి, ఆ తర్వాత నాతో కాగితం, కలం తెప్పించారు. ఉత్తరంలో పాప పేరు, పుట్టినతేదీ, తరగతి, చదవడంలో వైకల్యం ఉందని అనుమానిస్తున్నాము కాబట్టి ప్రత్యేక విద్య కోసం మూల్యాంకనం కోరుతున్నాము అన్న ఒక్క వాక్యం, మా అనుమానానికి రెండు మూడు కారణాలు, పైన తేదీ. ఇంతే చాలన్నారు. ఉత్తరం అందిన 30 రోజుల్లో డిస్ట్రిక్ట్ అయితే పరీక్షలకు మా సంతకం కోరే అంగీకారపత్రం పంపాలి, కాకపోతే ఎందుకు చేయమో రాతపూర్వకంగా చెప్పాలి. డిసెంబరు 1, శుక్రవారం, ఉత్తరం రెండు ప్రతులు తీసుకొని బడికి వెళ్ళి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ‘అందినది’ అని తేదీ ముద్ర వేయించుకున్నాను. ముద్ర వేసే ఆవిడకు నేనేదో కోర్టుకు వెళుతున్నానని భయం వేసినట్టుంది. మరునాడే ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, అంతా బాగానే ఉంది కదా అని అడిగారు.

ఆ వారంలో పాప పాత కాగితాలన్నీ బల్లమీద పరిచాను. ఇంగ్లీష్ లెర్నర్ పిల్లలకు ఏటా పెట్టే ఓఈఎల్‌పీఏ పరీక్ష ఫలితం, ఎప్పుడో వేసవిలో వస్తే చూడకుండా సొరుగులో పడేసినది, అప్పుడు సరిగ్గా చదివాను. ఐదుకు గాను వినడంలో 5, మాట్లాడటంలో 4, చదవడంలో 2, రాయడంలో 1. ఇంగ్లీషు రాని పిల్లకు వినడంలో 5 ఎలా వస్తుంది? నాలుగు భాగాల్లోనూ 4 గానీ 5 గానీ వస్తేనే ఆ ముద్ర పోతుంది. చదవడం రాదు కాబట్టి ముద్ర పోదు, ముద్ర ఉంది కాబట్టి చదవడం రాకపోవడానికి కారణం అదే అంటారు. ఏడాదిగా మేము ఈ గానుగ చుట్టూ తిరుగుతున్నామని ఆ ఒక్క కాగితం చెప్పింది. ఇంట్లో వేరే భాష ఉన్నవారందరూ ఆ నాలుగు అంకెలను విడివిడిగా చూడాలని నా అభిప్రాయం. మొత్తం స్థాయి ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు.

డిసెంబరు 20న సమావేశం. బల్లకు అటువైపు ఆరుగురు, ఇటు మేమిద్దరం. సైకాలజిస్టును నేను మొదటిసారి చూడటం అప్పుడే. జనవరి నుంచి ఇంకొక పద్ధతిలో పన్నెండు వారాలు ప్రయత్నించి, అప్పటికీ ఫలితం లేకపోతే మూల్యాంకనం సంగతి చూద్దామని ప్రతిపాదించారు. ఆ ప్రయత్నం చేయాల్సిన సహాయకురాలిని జనవరిలో తీసేస్తున్నారు కదా అని మా ఆయన అడిగితే కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరగతిలో సహాయం ఇస్తున్నామన్న కారణంతో మూల్యాంకనాన్ని వాయిదా వేయకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011 జనవరి 21న రాష్ట్రాలకు రాసిన లేఖ ప్రతి నా దగ్గర ఉంది. ఫోన్‌లో మాట్లాడినావిడే చెప్పారు. దాన్నీ, ఓఈఎల్‌పీఏ కాగితాన్నీ బల్ల మీద పెట్టాను. నా చేతులు వణుకుతున్నాయి, గొంతు కూడా. సైకాలజిస్టు ఆ నాలుగు అంకెల వైపు చూసి, “ఇది నేను ముందే చూడాల్సింది” అన్నారు. ఆ మాటతో గదిలో గాలి మారింది. పండుగ సెలవుల తర్వాత 2024 జనవరి 9న అంగీకారపత్రం, పీఆర్-05 అంటారు, సంతకం చేశాము. అక్కడి నుంచి 60 రోజులు. బడి రోజులు కావు, మామూలు రోజులే. జనవరిలో మంచుకు మూడు రోజులు బడి మూసినా లెక్క ఆగలేదు.

ఈ 60 రోజుల్లో మాకు ముందు తెలియని పనులు కొన్ని ఎదురయ్యాయి. కళ్ళూ చెవులూ బాగున్నాయని తేలకుండా చదువు పరీక్షలు ముందుకు సాగవు. పాప గత ఏడాది బడిలో జరిగిన కంటి పరీక్ష రోజు జ్వరంతో ఇంట్లో ఉంది, ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. కంటి డాక్టరుకు 40 డాలర్లు, చెవుల పరీక్షకు 65, రెండింటికీ మా ఆయన సగం రోజు చొప్పున సెలవు. అదే సమయంలో ఓఈఎల్‌పీఏ కూడా వచ్చిపడింది. ఒకే వారంలో పాప మూడు గదుల్లో ముగ్గురు పెద్దవాళ్ళ ముందు కూర్చుంది. “అమ్మా, వీళ్ళు నా బుర్రలో ఏం వెదుకుతున్నారు?” అని అడిగింది. దేనికి ఎక్కువ తంటాలు పడుతున్నావో చూస్తున్నారు, తేలిగ్గా నేర్పడానికి అన్నాను. “నేను మొద్దునా అని కాదు కదా?” అంది. ఆ మాట తనకు ఎక్కడిదో నేను అడగలేదు. నేను కసురుకున్న సాయంత్రాలు కొన్ని గుర్తుకొచ్చాయి.

వీలైన చోట పిల్లను తన ఇంటిభాషలో కూడా పరీక్షించాలని చట్టంలో ఉంది గనుక సైకాలజిస్టు తెలుగులో కొంత చేయాలనుకున్నారు. తెలుగు వచ్చిన సైకాలజిస్టు కౌంటీలో ఎక్కడా లేరు. నేను మధ్యవర్తిగా ఉంటానంటే తల్లి కుదరదన్నారు. చివరికి ఫోన్‌లో ఒక దుబాసీని కుదిర్చారు. ఆయన పాపం ఎంతో శ్రద్ధగా, “చిరంజీవీ, ఇప్పుడు ప్రాస కుదిరే పదములను తెలుపుము” అన్నారట. ప్రాస అంటే ఏమిటని పాప ఇంగ్లీషులో అడిగింది. ఇంటికొచ్చి మూడు రోజులు “అమ్మా, అన్నమును తెలుపుము” అని ఆటపట్టించింది. అయినా ఆ పావుగంట వృథా కాలేదు: అమ్మ దీపావళి నాడు అడిగినలాంటి ప్రశ్నలే సైకాలజిస్టు ఆయన చేత తెలుగులో అడిగించారు, జవాబుల్లో తప్పులూ అలాగే వచ్చాయి.

ఇన్ని రోజులూ మా ఆయనకు లోపల ఒక భయం ఉండేది. బయట పరీక్ష చేయించి మన దగ్గరే పెట్టుకుందాం, బడి ఫైల్లో ఆ మాట ఎందుకు అనేవారు. కొలంబస్‌లో ఒక ప్రైవేటు సైకాలజిస్టును అడిగాము: 2,800 డాలర్లు, ఐదు నెలల తర్వాత తేదీ, చదువుకు సంబంధించిన పరీక్ష కాబట్టి బీమా ఇవ్వదు. అది విన్నాక ఆ ఆలోచన మానుకున్నాము. కానీ భయం డబ్బుతో పోయేది కాదు. మా అత్తగారికి ఇప్పటికీ చెప్పలేదు. డబ్లిన్ స్నేహితుల్లో ఒకరికి చెబితే, “ఎవరికీ చెప్పకండి, మా అబ్బాయికీ ఉంది” అన్నారు. అక్కడ మూడేళ్ళు పక్కపక్కనే ఉన్నాము, ఒక్కమాట అనలేదు.

మార్చి 7, గురువారం, గడువుకు రెండు రోజుల ముందు, ఈటీఆర్, అంటే ఈ పరీక్షలన్నిటి ఫలితాలు కూర్చిన మూల్యాంకన నివేదిక, దాని మీద సమావేశం జరిగింది. సగటు 100గా లెక్కించే మార్కుల్లో పాపకు మాటల ద్వారా ఆలోచించడంలో 112, ధ్వనుల పట్టులో 76, చూసినవాటి పేర్లు చకచకా చెప్పడంలో 79. అంటే వందమంది పిల్లల్ని వరుసగా నిలబెడితే మొదటి దానిలో కింది నుంచి 79వ చోట, రెండోదానిలో కింది నుంచి 5వ చోట. నివేదిక 23 పేజీలు. ‘స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ’, అంటే నేర్చుకోవడంలో ఒకానొక వైకల్యం, అన్న మాట చదివినప్పుడు మా ఆయన కలం పక్కనపెట్టి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. ఇంగ్లీషు సరిగ్గా రాకపోవడం ఈ ఇబ్బందికి ప్రధాన కారణం కాదని నివేదికలో విడిగా ఒక గడిలో రాయాలి. సైకాలజిస్టు ఆ వాక్యాన్ని గట్టిగా చదివారు. టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బయటికి వస్తుంటే నా చెయ్యి పట్టుకొని, తెలుగు మానేయమని చెప్పినందుకు బాధగా ఉందన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. 20 మంది పిల్లలు, సగం రోజు సహాయకురాలు, అది కూడా పోయింది, ఆవిడ మాత్రం ఏం చేయగలరు? నివేదిక మీద సంతకం కారులో కూర్చొని చేశాము. మా ఆయనే ముందు చేశారు.

అర్హత తేలాక ఐఈపీకి మరో 30 రోజుల గడువు, అంగీకారపత్రం నాటి నుంచి లెక్కిస్తే 90. లెక్కేస్తే రెండోది ఏప్రిల్ 8న పడింది. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం మా ఊరి మీదుగా పోతుంది, బడికి సెలవు. గ్రహణం రోజున శుభకార్యం పెట్టుకోరులే అని అమ్మ నవ్వింది. ఏప్రిల్ 4కు ముందుకు జరిపారు. ముసాయిదా రెండు రోజుల ముందే పంపమని అడిగాను, పంపారు. అడగకపోతే బల్ల దగ్గరే చూపిస్తారట. మంచిపని చేశాను, ఎందుకంటే మూడో పేజీలో లక్ష్యం కింద ‘అతడు’ అని ఉంది, అంటే వేరే ఎవరో అబ్బాయికి రాసినది మా పాపకు అతికించారు. ఎత్తిచూపితే సైకాలజిస్టు ఎర్రబడి, నాలుగు బళ్ళకు తానొక్కతినే అని చెప్పి, ఆ పేజీ కొత్తగా రాశారు. తుది కాగితం ప్రకారం రోజుకు 40 నిమిషాలు ఇంటర్వెన్షన్ స్పెషలిస్టుతో, అంటే ప్రత్యేక విద్య టీచరుతో, ధ్వనుల నుంచి వరుసక్రమంలో నేర్పే బోధన, పరీక్షలకు అదనపు సమయం, ఏడాదిలో నిమిషానికి 29 మాటల నుంచి 65కు చేరే లక్ష్యం. ‘చదవడంలో మెరుగుపడుతుంది’ అన్నట్టుగా ఉన్న మొదటి లక్ష్యాన్ని అంకెలతో రాయించడానికే అరగంట పట్టింది. ఇంగ్లీష్ లెర్నర్ జట్టు సమయాన్ని చదువు గంటలోంచి తీసి మధ్యాహ్నానికి మార్చారు. ఈ ఒక్క మార్పుకు ఎవరికీ పైసా ఖర్చు కాలేదు, ఏడాదిన్నర క్రితమే చేసి ఉండవచ్చు.

లెవీ మార్చి 19న మళ్ళీ ఓటుకు వచ్చింది. ఓటు లేకపోయినా మా ఇంటిముందు బోర్డు పాతాము, పక్కింటి రిటైర్డ్ నర్సును ఓటు వేయడానికి కారులో తీసుకెళ్ళాను. 41 ఓట్లతో గెలిచింది. తీసేసిన సహాయకుల్లో ఒకరు తిరిగి వచ్చారు, మా పాపతో కూర్చున్నావిడ అప్పటికే గిడ్డంగి ఉద్యోగంలో చేరిపోయారు.

బోధన ఏప్రిల్ 15న మొదలై, మే ఆఖరికి సెలవులు వచ్చేశాయి. వేసవిలో కొనసాగించమని అడిగితే, నేర్చుకున్నది మరిచిపోయే ప్రమాదం ఉందని చూపే లెక్కలు ఇంకా లేవని కాదన్నారు. ఆరు వారాల లెక్కలతో నేను కూడా వాదించలేకపోయాను. జూమ్‌లో శిక్షణ పొందిన ట్యూటరును పెట్టాము, గంటకు 70 డాలర్లు, వారానికి రెండు గంటలు, పది వారాలకు 1,400. మొత్తం ఖర్చులో పెద్దది ఇదే; బడి చేసిన పరీక్షలకూ, దుబాసీకీ, నివేదికకూ మేము ఏమీ కట్టలేదు.

ఆగస్టులో మూడో తరగతికి వివరాలు సరిచూసుకొమ్మని ఫారం వచ్చింది. ఇంటిభాష గడిలో ‘తెలుగు’ అని అలాగే ఉంది. అక్కడ ఇంగ్లీషు అని దిద్దేస్తే గొడవ వదులుతుందని డబ్లిన్ స్నేహితురాలు సలహా ఇచ్చింది. ఒకసారి పడిన ముద్ర ఆ గడి దిద్దినంత మాత్రాన పోదు, పరీక్ష గట్టెక్కాల్సిందే. అదీకాక మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. వదిలేశాను. జూన్‌లో వచ్చిన ఓఈఎల్‌పీఏ ఫలితం: వినడం 5, మాట్లాడటం 5, చదవడం 2, రాయడం 2.

2024 సెప్టెంబరు మధ్యలో, బళ్ళ పనితీరుకు రాష్ట్రం ఏటా ఇచ్చే నక్షత్రాలు వచ్చాయి. చిన్నపిల్లల చదువు విభాగంలో మా డిస్ట్రిక్ట్‌కు రెండు నుంచి మూడయ్యాయని ఊరి పత్రికలో వేశారు. తరగతికి 58 మంది ఉన్నచోట ఆరుగురు పిల్లలు అటో ఇటో అయితే పదిశాతం మారిపోతుంది. ఇంగ్లీష్ లెర్నర్లు పదిమందికి తక్కువ కాబట్టి మా పాపలాంటి వాళ్ళ గడిలో అంకే వేయరు. అదే వారం పాప పరీక్షా అయింది. మూడో తరగతి మొదట్లో నిమిషానికి 70 మాటలు ఉండాలి, 49 వచ్చింది. తను ఆ కాగితాన్ని ఈసారి సంచి అడుగున పెట్టలేదు, చేత్తో పట్టుకొని బస్సు దిగింది. ఐఈపీ వార్షిక సమీక్షకు గడువు 2025 ఏప్రిల్ 3. వేసవి బోధన కోసం ఈసారి లెక్కలు నేనే వారంవారం ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఇప్పటికి నాలుగు పేజీలు నిండాయి.